పామ్‌లో గేమ్ బాయ్ ఆడించాలనుకుంటున్న మా అల్లుడికి

చిత్తూరు,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో పామ్ త్రీఎక్స్ అనే చేతిలో పట్టే పాత చిన్న కంప్యూటర్ దొరికిందని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. "దీంట్లో గేమ్ బాయ్ ఆటలు ఆడించాలి మామా, ఎమ్యులేటర్ నేనే రాస్తా" అన్నావు. అంటే గేమ్ బాయ్‌లా నటించే ప్రోగ్రామ్ అన్నమాట. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నా. 2001లో బాలాజీ కాలనీలో అద్దె గదిలో ఉంటూ నేనూ ఇదే పని చేశాను. ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఐదు నెలలు పనిని తలకిందులుగా మొదలుపెట్టినందుకే పోయాయి. ఆ ఐదు నెలలూ నీకు మిగలాలని నా ఆశ.

ముందు లెక్క చూసుకో. గేమ్ బాయ్ అనే చేతి ఆట మిషన్ 1989లో వచ్చింది. అందులోది 8 బిట్ల ప్రాసెసర్, వేగం 4.19 మెగాహెర్ట్జ్. నాలుగు క్లాకులు (ప్రాసెసర్ టిక్కులు) కలిస్తే ఒక మెషీన్ సైకిల్, అంటే సెకనుకు సుమారు పదిన్నర లక్షల సైకిళ్లు. నీ పామ్‌లో ఉన్న మోటరోలా డ్రాగన్‌బాల్ ప్రాసెసర్ వేగం 16 మెగాహెర్ట్జ్. భాగించి చూడు, గేమ్ బాయ్ ఒక్కో సైకిల్‌కి నీ చేతిలో ఉండేది పదిహేను క్లాకులు. డ్రాగన్‌బాల్‌లో అతి చిన్న ఇన్‌స్ట్రక్షన్‌కే (ప్రాసెసర్‌కిచ్చే ఒక్క ఆదేశానికే) నాలుగు క్లాకులు పడతాయి. అంటే మూడు, మహా అయితే నాలుగు ఇన్‌స్ట్రక్షన్లలో తర్వాతి బైట్ చదవాలి, అదేం పనో తెలుసుకోవాలి, ఆ పని చెయ్యాలి, ఫ్లాగులు (లెక్క ఎలా ముగిసిందో చెప్పే ఒక్కో బిట్ గుర్తులు) సరిదిద్దాలి. బొమ్మ గీయడానికి టైమ్ వేరే ఎక్కడినుంచో తేవాలి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో.

ఈ లెక్క చూసి భయపడి నేను మొదటి రోజే అసెంబ్లీ భాషలో, అంటే ప్రాసెసర్ ఆదేశాల్నే నేరుగా, రాయడం మొదలుపెట్టాను. అదే తప్పు. నువ్వు మాత్రం మొదట మామూలు కంప్యూటర్ మీద, సీ భాషలో, స్పీడ్ ఊసే ఎత్తకుండా ప్రాసెసర్ భాగం ఒక్కటే రాయి. దాన్ని పరీక్షించడానికి ఔత్సాహికులు రాసిపెట్టిన చిన్న చిన్న రోమ్‌లు (కార్ట్రిడ్జ్‌లో ఉండే ప్రోగ్రామ్ లాంటి ఫైళ్లు) ఉన్నాయి. వాటిలో కొన్ని ఫలితాన్ని సీరియల్ పోర్ట్‌కి కూడా పంపుతాయి కాబట్టి, తెర గీసే కోడ్ ఒక్క లైన్ లేకపోయినా అక్షరాలు చదువుకోవచ్చు. అన్నీ పాస్ అయ్యాకే పామ్‌ని ముట్టుకో. రేపు అసెంబ్లీలో తిరగరాసినప్పుడు రెండింటినీ పక్కపక్కన నడిపి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ తర్వాత రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపల సంఖ్యలు దాచుకునే చిన్న అరలు) పోల్చుకోవచ్చు. నాకు అలా పోల్చుకునేదేమీ లేకుండా పోయింది.

అది లేక ఏమైందో చెబుతా. నా ఎమ్యులేటర్‌లో ఒక ఆట చక్కగా నడుస్తోంది, స్కోరు మాత్రం పిచ్చిగా మారుతోంది. తొమ్మిదికి తొమ్మిది కలిస్తే 18 రావాలి కదా, 12 వస్తోంది! మూడు వారాలు నిద్ర లేదు. గేమ్ బాయ్ ఆటలు స్కోరుని చాలాసార్లు దశాంశ అంకెలుగానే, ఒక్కో అంకెకి నాలుగు బిట్ల చొప్పున దాచుకుంటాయి. 09కి 09 కలిపితే ప్రాసెసర్ పదికి బదులు పదహారు ఆధారంగా చేసే లెక్కన 12 అంటుంది. ఆ తర్వాత డీఏఏ అనే ఇన్‌స్ట్రక్షన్ వచ్చి, కింది నాలుగు బిట్ల నుంచి పైకి క్యారీ వెళ్లిందా అని హాఫ్ క్యారీ ఫ్లాగ్‌ని చూసి, వెళ్తే ఇంకో 6 కలిపి 18 చేస్తుంది. డ్రాగన్‌బాల్‌లో ఆ ఫ్లాగే లేదు. లేదు కదా అని నేను వదిలేశాను. నువ్వు వదలొద్దు, అలాగని ప్రతి కూడికకీ లెక్కకట్టొద్దు. దాన్ని చూసేవి రెండే రెండు: డీఏఏ, ఫ్లాగుల్ని మెమరీలో దాచే పుష్ ఏఎఫ్. కాబట్టి చివరి కూడికలోని రెండు సంఖ్యల్నీ, ఫలితాన్నీ ఒక పక్కన పెట్టుకో. అవసరం వచ్చినప్పుడు మూడింటినీ ఎక్స్ఓఆర్ (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చే లెక్క) చేసి, కుడి నుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కపెడితే వచ్చే నాలుగో బిట్ చూస్తే చాలు. నీ పదిహేను క్లాకుల్లో ఎన్ని మిగులుతాయో నీకే తెలుస్తుంది.

ఇక తెర. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. గేమ్ బాయ్ తెర 160 అడ్డం, 144 నిలువు. నీ పామ్ తెర 160కి 160. అడ్డం సరిగ్గా అంతే! సాగదీయనక్కర్లేదు, కుదించనక్కర్లేదు. రంగులూ అంతే, అక్కడా నాలుగు ఛాయలు, ఇక్కడా నాలుగు ఛాయలు, ఒక్కో చుక్కకి రెండు బిట్లు. తేడా అల్లా ఆ బిట్లు పేర్చిన తీరులోనే. పామ్‌లో చుక్క రెండు బిట్లూ పక్కపక్కనే ఉంటాయి. గేమ్ బాయ్‌లో ఎనిమిది చుక్కల వరసకి రెండు బైట్లు, మొదటి బైట్లో అన్ని చుక్కల కింది బిట్లు, రెండో బైట్లో పై బిట్లు. కాగితం మీద ఒకటి రాసి చూడు. మొదటిది 00111100, రెండోది 01111110 అనుకో. ఒకదాని కింద ఒకటి రాసి, కింది నుంచి పైకి జతకడితే చుక్కలు 0 2 3 3 3 3 2 0 అవుతాయి. ఒక్కో బిట్ తీసి జతకడుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. బదులుగా 256 వరసల పట్టిక ఒకటి ముందే తయారు చేసుకో. ఏ బైట్ ఇచ్చినా దాని బిట్లని ఎడం ఎడంగా పరిచి 16 బిట్లుగా ఇవ్వాలి. ఒక స్థానం ఎడమకి జరిపిన పట్టిక ఇంకొకటి. రెండూ కలిపి ఒక కిలోబైటే. రెండుసార్లు చదివి ఒక్కసారి ఓఆర్ (ఏ ఒక్క బిట్ 1 అయినా 1 ఇచ్చే లెక్క) చేస్తే ఎనిమిది చుక్కలు సిద్ధం. ఇది మొదటిసారి పనిచేసిన రాత్రి కరెంట్ పోయింది. గది చీకటి, చేతిలో పామ్ మాత్రం రెండు సెల్స్ మీద నడుస్తూనే ఉంది. బ్యాక్‌లైట్ వేసుకుని ఆ నాలుగు ఛాయల బొమ్మ ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఫ్రేమ్ (తెర మీది ఒక పూర్తి బొమ్మ) మొత్తం ఒకేసారి గీయొద్దు, లైన్ లైన్‌గా గీయి. చాలా ఆటలు ఫ్రేమ్ మధ్యలో స్క్రోల్ మార్చేస్తాయి, స్కోరు పట్టీ కదలకుండా ఉండేది అలాగే. గీసేది మూడు నాలుగు ఫ్రేముల్లో ఒకటి గీయి, ప్రాసెసర్‌ని మాత్రం అన్నిటికీ నడుపు. ఆట హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఊరికే ఎదురుచూస్తుంటే, ఆ టైమ్‌ని ఒక్క గెంతులో దాటేసి తర్వాతి ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) దగ్గరికి వెళ్లిపో. నాకు ఎక్కువ స్పీడ్ దొరికింది అక్కడే.

రోమ్‌ని పామ్ డేటాబేస్‌లో 16 కిలోబైట్లకి ఒక రికార్డు చొప్పున పెట్టు. గేమ్ బాయ్ బ్యాంక్ (రోమ్‌లో ఒక్కో ముక్క) కూడా అంతే కాబట్టి, బ్యాంక్ మారినప్పుడు ఆ ముక్క ఎక్కడుందో చెప్పే పాయింటర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఒక జాగ్రత్త: డ్రాగన్‌బాల్ బేసి అడ్రస్ నుంచి 16 బిట్లు ఒకేసారి చదవదు, చదివిస్తే మిషన్ ఆగిపోతుంది. పైగా బైట్ల వరస గేమ్ బాయ్‌కి రివర్స్. బైట్ బైట్‌గానే చదువు.

బటన్లు గేమ్ బాయ్‌కి ఎనిమిది, పామ్‌కి ఆరు. స్టార్ట్, సెలెక్ట్ రెండూ తెర కింద మిగిలిన 16 లైన్ల పట్టీలో గీసి, పెన్నుతో తాకేలా పెట్టు. ఆట మధ్యలో పామ్ తనంతట తాను ఆఫ్ కాకుండా ఆటో ఆఫ్ టైమర్‌ని రీసెట్ చేస్తూ ఉండు. సౌండ్ ప్రస్తుతానికి వదిలెయ్. అక్కడ నాలుగు ఛానళ్లు, పామ్‌లో ఉన్నది ఒక్క బీప్.

ఆటలు నీ దగ్గరున్న కార్ట్రిడ్జ్‌ల నుంచి తీసినవో, రచయితలే ఉచితంగా ఇచ్చినవో మాత్రమే వాడు నాయనా. ఎవరో కష్టపడి చేసిన పని అది. రేపు నీ కోడ్‌కీ ఆ గౌరవం కావాలి కదా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పామ్ తీసుకురా, సెల్స్ నేను కొనిపెడతా. అప్పటికి తెర లేకపోయినా పర్వాలేదు, టెన్షన్ పడకు. టెస్టులు పాస్ అయిన ప్రాసెసర్ ఉంటే చాలు, పట్టిక ఇద్దరం కూర్చుని రాద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామ