తెర ఒరిగితే నవ్వుకో, డిస్క్ పేరు మాత్రం రెండుసార్లు చూసుకో

బిడ్డా,

సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నవని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. "నల్ల తెర ముందట కూసుంటే అన్నానికి పిలిచినా లేస్తలేదు" అని కోపంగా చెప్పబోయిండు గాని, గర్వం దాచుకోలేకపోయిండు. నాకూ అంతే సంతోషమైంది. ఫోన్ పెట్టేసినంక మాత్రం దడ మొదలైంది. మీ ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. మిల్లు లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయి.

అందుకే తెర ముచ్చట్ల కన్న ముందు డీడీ సంగతి. పెన్‌డ్రైవ్ మీదికి ఇమేజ్ ఎక్కించే ఆ కమాండ్ "నిజంగానా?" అని అడగదు, రాసుకుంట పోతది. కొత్త ల్యాప్‌టాప్‌లలో లోపలి డిస్క్ పేరు ఎన్‌వీఎంఈతో మొదలైతది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీఏ అయితది. మీ ఇంట్లో ఉన్నట్టి పాత సాటా మెషీన్‌లో లోపలి డిస్కే ఎస్‌డీఏ, పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ. ఎవరో ఎన్‌వీఎంఈ మెషీన్ మీద రాసిన పాఠంలోని కమాండ్‌ను ఉన్నదున్నట్టు అంటించినవనుకో, కొన్ని మెగాబైట్లు చాలు, పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక, మొదట్నే పోతది. డిస్కుల పేర్లు చూపెట్టే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టు, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ కొట్టు, ఏ పేరు మాయమైందో అదే నీది. సైజు కూడా సరిచూడు. నీ కెర్నల్‌లో, అంటే నువ్వు రాసే సిస్టమ్ నడిమి కోడ్‌లో, డిస్క్‌కు రాసే కోడ్ ఉన్నంతకాలం అసలు మెషీన్ మీద బూట్ చెయ్యనే చెయ్యకు. ఈ మాట వినకుంటే మాత్రం నాకు కోపమొస్తది.

మిగిలినయి నీకు తెలిసినయే. నీ సిస్టమ్ కోసమే కోడ్ తయారుచేసే ఎక్స్86-64 ఎల్ఫ్ క్రాస్ కంపైలర్, దాంట్ల రెడ్ జోన్ (స్టాక్ కింద కంపైలర్ వాడుకునే జాగ) బంద్, కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించి బూట్ చేసేందుకు లిమైన్ లేదా గ్రబ్, నడపడానికి క్యూఎము అనే ఎమ్యులేటర్, అంటే మెషీన్ లోపలి నకలు మెషీన్. తెర కన్న ముందు సీరియల్ పోర్ట్ (అక్షరాలను బయటికి పంపే దారి, దాని అడ్రస్ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 3ఎఫ్8) పనిచెయ్యాలె. తెర నల్లగైన రోజు నీతో మాట్లాడేది అదొక్కటే. మెషీన్ ఊకె రీబూట్ అయితున్నదంటే అది ట్రిపుల్ ఫాల్ట్, అంటే తప్పును సర్దబోయి మళ్లీ మళ్లీ తప్పి ప్రాసెసర్ చేతులెత్తేసుడు. క్యూఎముకు నో-రీబూట్, డీ-ఇంట్ ఆప్షన్లు ఇస్తే ఏ ఎక్సెప్షన్‌తో (ప్రాసెసర్ పట్టుకున్న తప్పుతో) మొదలైందో లాగ్‌లో కనబడతది. వెక్టర్ (ఎక్సెప్షన్ నంబర్) 0ఈ అంటే పేజ్ ఫాల్ట్, ముట్టుకోరాని మెమరీని ముట్టుకున్నట్టు, ఆ అడ్రస్ ప్రాసెసర్‌లోని సీఆర్2లో ఉంటది.

అక్షరాలు మాత్రమే చూపెట్టే టెక్స్ట్ మోడ్‌తో మొదలుపెడితే మొదటి నవ్వు అక్కడ్నే దొరుకుతది. మెమరీలో హెక్స్ బి8000 దగ్గర ఒక్కో గడికి రెండు బైట్లు: ముందు అక్షరం, తర్వాత రంగు. రంగు బైటు మరిచి అక్షరాలను వరుసగా పోస్తే, మాటలో ఒక అక్షరం ఇడిసి ఒక అక్షరం రంగుగా మారిపోతది. క్యాపిటల్ ఏ హెక్స్‌లో 41, మొదటి అంకె నేల రంగు, రెండోది అక్షరం రంగు, అంటే ఎర్ర నేల మీద నీలి అక్షరం. ఏ నుంచి ఓ దాకా ఎర్ర నేల, పీ నుంచి మెజెంటా, చిన్న అక్షరాలైతే ఓ దాకా గోధుమ రంగు, పీ నుంచి బూడిద. రంగులు చూసి ఏ అక్షరం మింగబడ్డదో చెప్పొచ్చు.

ఇగ అసలు ముచ్చట. ఫ్రేమ్‌బఫర్‌కు, అంటే తెర మీది ఒక్కో పిక్సెల్ రంగు ఉండే మెమరీకి, వచ్చిన ప్రతి ఒక్కరూ పడే గుంత ఇది, నువ్వూ పడతవు, అందుకే ఎక్కువ రాస్తున్న.

మీ ల్యాప్‌టాప్ తెర 1366 ఇంటు 768. పిక్సెల్‌కు 4 బైట్లు, కాబట్టి వరుసకు 5464 బైట్లని లెక్కగడతవు. కాగితం మీద అది తప్పు కాదు. హార్డ్‌వేర్ మాత్రం వరుస పొడవును 64 గుణిజానికి పెంచుకుంటే 5504 అయితది. ఆ మిగులు 40 బైట్లు మడి పక్కన గట్టు లెక్క: దాని మీద పంట ఉండదు, కాని అవతలి మడికి పోవాలంటే దాన్ని కూడా దాటాలె. గట్టుతో కలిపిన ఆ పొడవే పిచ్.

దాన్ని పట్టించుకోకపోతే ఏం కనబడతదంటే, నిట్టనిలువు గీత గీస్తే అది కిందికి పోయినకొద్దీ వరుసకు 10 పిక్సెళ్ల చొప్పున ఎడమకు ఒరుగుతది. తెర అంచు తగిలి కుడి నుంచి మళ్లొస్తది, అడుగుకు చేరేసరికి అయిదుసార్లకు పైనే చుట్టు తిరుగుతది. 16 వరుసల ఎత్తున్న అక్షరం 160 పిక్సెళ్ల దాకా సాగిపోయి చారలైతది. అడుగున అయిదున్నర వరుసల్లో నువ్వు గియ్యనే లేదు కాబట్టి పాత చెత్త అట్లనే మిగులుతది. చూడ్డానికి గ్రాఫిక్స్ చిప్ పాడైనట్టే ఉంటది. ఏం పాడు కాలేదు, భయపడకు. ఒరుగును కొలువు: వరుసకు ఎన్ని పిక్సెళ్లు జరిగిందో దాన్ని 4తో గుణించి 5464కు కలుపు, అసలు పిచ్ నీ చేతికొస్తది. ఎడమకు ఒరిగితే నీ లెక్క తక్కువ, కుడికి ఒరిగితే ఎక్కువ.

క్యూఎములో ఇది దొరకదు. 1024 వెడల్పుకు 4096 బైట్లు, 1920కి 7680. రెండూ ముందే 64 గుణిజాలు, గట్టే ఉండదు. ఎమ్యులేటర్‌లో మంచిగ నడిచి, మీ నాయినకు చూపెట్టే రోజు ల్యాప్‌టాప్ మీద ఒరుగుతది. అందుకే నీ బ్యాక్ బఫర్‌కు (తెరకు పంపేముందు బొమ్మ గీసుకునే మెమరీకి) కావాలనే వెడల్పు కన్న పెద్ద పిచ్ పెట్టుకో, 1024కు 1040 పిక్సెళ్లు అనుకో. తెర చుట్టూ ఒక్క పిక్సెల్ అంచు, మూల నుంచి మూలకు ఒక గీత, రోజూ మొదట అదే గీయించు.

ఇంకో మెలిక. లిమైన్, గ్రబ్ వాడే మల్టీబూట్ పద్ధతి పిచ్‌ను బైట్లలో ఇస్తయి. మెషీన్ ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐలోని గ్రాఫిక్స్ భాగం గాప్ మాత్రం పిక్సెల్స్ పర్ స్కాన్‌లైన్ అని పిక్సెళ్లలో ఇస్తది. పిక్సెళ్లను బైట్లనుకుంటే తెర పై నాలుగో వంతులో నాలుగు ముక్కలు పక్కపక్కన కుదించుకుపోయి కనబడతయి. బైట్ల సంఖ్యను 32 బిట్ల పాయింటర్‌కు కలిపితే వరుసల మధ్య మూడేసి ఖాళీలొచ్చి, ఫ్రేమ్‌బఫర్ దాటి రాసి, పేజ్ ఫాల్ట్ అయితది.

మిగిలినయి చిన్నవి. ఎరుపు, నీలం తారుమారైతే కుంకుమ నీలంగా, పసుపు సయాన్‌గా వస్తది. తెలుపు, ఆకుపచ్చ, బూడిద మారవు కాబట్టి వాటితో పరీక్ష పెట్టకు. అక్షరాలు అద్దంలో లెక్క తిరగబడితే ఫాంట్ బిట్లను ఎడమకు బదులు కుడి నుంచి చదువుతున్నవన్నట్టు. అది ఏ, హెచ్, ఓలలో కనబడదు, ఎఫ్ రాసి చూడు. 8 ఇంటు 16 పీఎస్ఎఫ్2 ఫాంట్ ఫైల్‌లో (ఒక్కో అక్షరానికి 16 బైట్లు) ముందున్న 32 బైట్ల హెడర్ దాటకపోతే సరిగ్గ రెండు అక్షరాలు వెనకబడతది, సీ అడిగితే ఏ వస్తది. మౌస్ పైకి జరిపితే కిందికి పోతున్నదా, పీఎస్/2 అనే పాత మౌస్ పద్ధతిలో వై దిక్కు తిరగెయ్యి. బాణం మూలలకు దుంకుతున్నదా, మూడు బైట్ల ప్యాకెట్ తప్పిపోయింది. మొదటి బైటులో 3వ బిట్ ఎప్పుడూ 1 ఉండాలె, లేకుంటే ఆ బైటు పారెయ్యి.

బూట్ మెసేజ్ తెలుగులోనే రావాలని పట్టుబట్టినవట. ఆ మాట విని నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. టెక్స్ట్ మోడ్‌లో మాత్రం అది కాదు. టెక్స్ట్ మోడ్ నడిపే వీజీఏకు తెలిసింది కోడ్ పేజీ 437, 1981 నాటి ఐబీఎం పీసీ అక్షరాలు. యూటీఎఫ్-8లో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో, ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. "న" పంపితే గ్రీకు ఆల్ఫా, ఒక చుక్కల డబ్బా, తలకిందుల ప్రశ్న గుర్తు వస్తయి. "నల్లగొండ" అని రాస్తే 24 గడులు నిండుతయి, మూడింటికొకటి ఆల్ఫానే. ఫ్రేమ్‌బఫర్‌లోనైనా ఒత్తులు, గుణింతాలు కుదరాలంటే షేపింగ్, అంటే అక్షరాలను కలిపి ఆకారం కట్టుడు, కావాలె, అది పెద్ద పని, ఇప్పుడే మీదేసుకోకు. ముందుగాల మెసేజ్‌ను మామూలు మెషీన్‌లో బొమ్మగా చేసుకొని, పిక్సెల్‌కు ఒక బిట్ చొప్పున కెర్నల్‌లో పెట్టు. వెడల్పు 8 గుణిజం కాకపోతే బిట్లు ఒక్కో వరుస చివర మిగులుతయి, ఆ బొమ్మ వరుసకూ పిచ్ వేరేగా లెక్కగట్టు. వచ్చినంక నాకు ఫోటో పంపు, ఒరిగినా సరే.

మీ అత్త