శిరీషా, ఆ దేశపు బురద మాటలు ముందే తెలుసుకుని వెళ్లు

శిరీషా,

నీకు ఇంగ్లండ్ ఆఫర్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తున్నప్పుడు దాని గొంతులో సంతోషం ఎంతుందో ఏడుపూ అంతే ఉంది. మన ఇంట్లో నా తర్వాత ఆ దేశం ఆసుపత్రిలో నర్సుగా చేరేది నువ్వే. చాలా గర్వంగా ఉంది తల్లీ. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చేతి బ్యాగులోనే పెట్టుకో. చలికోటు అక్కడే కొనుక్కో, ఇక్కడ దొరికేవి ఆ తడి చలికి ఆగవు. అక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీకి రోజూ ప్రాక్టీస్ చెయ్యి. ఆవకాయ సీసాకి రెండు కవర్లు చుట్టు. మిగతావి నీతో వచ్చే పిల్లలకీ తెలుసు.

నా బెంగంతా భాష గురించి. "ఓఈటీ ఇంగ్లీషు పరీక్షలో మంచి గ్రేడ్ వచ్చింది, ఇంగ్లీషు గురించి టెన్షన్ లేదు" అన్నావట. పరీక్షలో మాట్లాడే మనిషి నీకు అర్థం కావాలనే మాట్లాడతాడమ్మా. అర్ధరాత్రి వార్డులో, పళ్ల సెట్టు తీసి గ్లాసులో పెట్టుకున్న ఎనభై ఏళ్ల పెద్దాయన అలా మాట్లాడడు. చిన్నప్పటి నుంచి తన వీధిలో ఏ మాట మాట్లాడాడో అదే మాట్లాడతాడు. ఆ మాటల నిండా బురద ఉంటుంది.

ఆశ్చర్యపోకు. వానలకు కొదవలేని దీవులవి. కాలు వేస్తే దిగబడే నేలకి వాళ్లకు ఎన్ని పేర్లో: బాగ్, స్వాంప్, మార్ష్, ఫెన్, మైర్, స్లౌ. ఇంగ్లండ్ తూర్పున ఫెన్స్ అనే ప్రాంతమంతా ఒకప్పుడు చిత్తడే. పదిహేడో శతాబ్దంలో వెర్ముయ్‌డెన్ అనే డచ్ ఇంజనీరు కాలువలు తవ్వించి నీళ్లు తీయించడం మొదలుపెట్టాడు. ఇప్పుడది వాళ్లకు మంచి పంట భూమి. ఐర్లండ్‌లో అయితే దాదాపు ఆరో వంతు నేల పీట్ నేలే, అంటే తడిలో మొక్కలు సగం కుళ్లి పేరుకున్న నల్లమట్టి. ఆ పీట్‌ను ముక్కలుగా కోసి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో కాల్చుకునేవాళ్లు. అలాంటి చోట పుట్టిన భాషలో ఆ మాటలు లేకుండా ఎలా ఉంటాయి? మనం మాత్రం అప్పుల ఊబి అనమూ? ఎన్నికలొస్తే మనవాళ్లు బురద జల్లుకోరూ? అచ్చం అదే మాట వాళ్లకూ ఉంది, మడ్ స్లింగింగ్ అంటారు. ఇలాంటివి నీకు ఇట్టే అర్థమవుతాయి. వాటి గురించి నాకు భయం లేదు.

నాకు భయం బాగ్ అనే మాటతో. దాని మూలం ఐరిష్ వాళ్ల భాషలో ఉంది, అక్కడ మెత్తన అని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చి బురద నేల అయింది. బ్రిటన్‌లో మామూలు జనం మరుగుదొడ్డిని కూడా బాగ్ అంటారు. ఈ సంగతి మాకు వెళ్లేముందు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లింది 2000లో. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది, పేరు ఎందుకులే. చాలా తెలివైంది. అది సెలైన్ ఎక్కించే సన్నగొట్టం, కాన్యులా, నరంలోకి పెడితే సూది గుచ్చినట్టు రోగికి తెలిసేది కూడా కాదు.

ఒక నైట్ డ్యూటీలో, తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకాయన దాన్ని పిలిచాడు. బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి. మెల్లగా "బాగ్, లవ్" అన్నాడు. లవ్ అంటే అక్కడ పెద్దవాళ్లు "అమ్మా" అన్నట్టు పిలిచే పిలుపు, అది కూడా గుర్తుపెట్టుకో. ఈ పిల్లకు బ్యాగ్ అని వినిపించింది. లాకర్లోంచి ఆయన బ్యాగ్ తీసి మంచం మీద పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ అదే మాట అన్నాడు. ఇది నవ్వి, "ఓకే, ఓకే" అంటూ బ్యాగ్ జిప్పు తీసి ఆయన చేతి దగ్గరకు జరిపింది. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ వయసు మగవాడు తన మనవరాలి ఈడు పిల్లను ఆ విషయం మూడోసారి ఎలా అడుగుతాడు? అంతలో అవతల ఎవరిదో డ్రిప్ అలారం మోగితే ఇది వెళ్లిపోయింది.

కాసేపటికి పెద్ద చప్పుడైంది. నేను పక్క బేలో ఉన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి ఆయన బాత్రూం తలుపుకి నాలుగు అడుగుల దూరంలో పడి ఉన్నాడు. వాకర్ మంచం దగ్గరే ఉంది. నేలంతా తడి. మమ్మల్ని చూసి ఆయనే "సారీ, సారీ" అంటున్నాడు. శిరీషా, ఆ మొహంలో నొప్పి కంటే సిగ్గు ఎక్కువ కనిపించింది. అది నేను మర్చిపోలేదు. ఆపరేషన్ చేసిన కాలే మళ్లీ విరిగింది. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. తర్వాత ఆయన ఇంటికి వెళ్లలేకపోయాడు, కేర్ హోంకి పంపారు.

జరిగింది నమోదు చేసే ఇన్సిడెంట్ ఫారం రాసేటప్పుడు వార్డు సిస్టర్, అంటే వార్డుకి ఇన్‌చార్జి నర్సు, "పడేముందు ఏమైనా అడిగాడా?" అంది. "బ్యాగ్ అడిగాడు" అంది మన పిల్ల. సిస్టర్ కాసేపు మాట్లాడకుండా ఉండి, ఆ మాటేమిటో, అర్థమేమిటో చెప్పింది. దాని ఉద్యోగమేమీ పోలేదు, ఎవరూ కేకలు వేయలేదు. కానీ అది చాలాకాలం మనిషి కాలేకపోయింది. ఒకరోజు నాతో అంది: "అర్ధరాత్రి బ్యాగ్ ఎందుకా అని నాకూ అనిపించిందక్కా. మళ్లీ అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని ఊరుకున్నాను."

ఇది విన్నావు కదా. నువ్వూ అలాంటిదానివే. లెక్క అర్థం కాకపోయినా మాస్టారు ముందు తల ఊపి, ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని ఏడ్చేదానివి. అక్కడ అలా చేశావంటే నేనూరుకోను. ఏడ్చేది నువ్వు, కాలు విరిగేది ఇంకొకరిది. అర్థం కాకపోతే మొహమాటపడకుండా "ఆ మాట నాకు తెలీదు, టాయిలెట్‌కి వెళ్లాలా?" అని సూటిగా అడుగు. ముసలివాళ్లు రాత్రిపూట నీకు తెలియని మాట ఏదన్నా ముందు టాయిలెట్టే అనుకో. లూ అన్నా అదే. "స్పెండ్ ఎ పెన్నీ" అన్నా అదే. పూర్వం పబ్లిక్ టాయిలెట్ల తలుపుకి ఒక పెన్నీ వేస్తేనే తెరుచుకునేది, ఆ మాట అలా వచ్చింది. బాగ్ రోల్ అంటే టాయిలెట్ పేపర్.

అలాగని ఎక్కడ బాగ్ వినపడినా రోగిని లేపి నడిపించకు! బాగ్ స్టాండర్డ్ అంటే అతి మామూలుది అని. "బాగ్ స్టాండర్డ్ డ్రెస్సింగ్ చాలు" అంటారు. అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రతినిధి అలస్టెయిర్ క్యాంప్‌బెల్ 2001లో ప్రభుత్వ స్కూళ్లను ఆ మాట అన్నాడని టీచర్లు ఎంత మండిపడ్డారో, మా టీ గదిలో కూడా అదే చర్చ. బాగ్డ్ డౌన్ అంటే పనిలో కూరుకుపోయారని. డాక్టర్ ఎమర్జెన్సీలో బాగ్డ్ డౌన్ అంటే ఇప్పట్లో రాడు, నీ రోగి పరిస్థితి బాగోకపోతే ఇంకొకరిని పిలువు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు కొందరు "బాగ్ ఆఫ్" అంటారు. అవతలికి పో అని తిట్టు. మనసులో పెట్టుకోకు, కాసేపాగి మళ్లీ వెళ్లు.

ఇంకొకటి, ఇది కూడా ప్రమాదమే. "క్లియర్ ఆజ్ మడ్" అని ఎవరైనా అంటే, క్లియర్ అన్న మొదటి మాట పట్టుకుని అంతా అర్థమైందనుకోకు. బురద నీళ్లలో అడుగు ఎంత కనపడుతుందో అంత అర్థమైందని దానర్థం. డాక్టర్ మందు మోతాదు చెప్పాక సీనియర్ నర్సు ఆ మాట అంటే, ఆమెకూ అర్థం కాలేదని. ఇద్దరూ కలిసి మళ్లీ అడిగి చార్టులో రాయించుకోండి.

నీ పోస్టింగ్ స్లౌలో అని విని సంతోషించాను. మనవాళ్లు చాలామంది ఉండే ఊరు, కూరగాయలకు ఇబ్బంది ఉండదు. ఊరి పేరుకి అర్థం బురద నేలే. అయితే అవే అక్షరాలు పుండు గురించి రాసినప్పుడు స్లఫ్ అని చదవాలి. గాయం మీద పేరుకునే పసుపుపచ్చటి చచ్చిన కణజాలం అది. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌లో దాన్ని స్లౌ అని చదివితే ఎవరికీ అర్థం కాదు.

ఇక మనసు నొచ్చే మాట ఒకటి. స్వాంప్డ్ అని రోజూ వింటావు. పని తలకు మించిపోయిందని. "వుయ్ ఆర్ స్వాంప్డ్" అని ఎవరైనా అంటే ఆ మాటలో నీమీద నింద ఏమీ లేదు, వెళ్లి ఒక చెయ్యి వెయ్యి. కానీ అదే మాటను మనలాంటివాళ్ల మీద కూడా వాడతారు. తర్వాత ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ 1978లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, వేరే సంస్కృతి జనం వచ్చి దేశాన్ని స్వాంప్ చేస్తారేమోనని ప్రజలు భయపడుతున్నారంది. నేను వెళ్లాక 2002లో హోం మంత్రి డేవిడ్ బ్లంకెట్ శరణార్థుల పిల్లలు స్కూళ్లను స్వాంప్ చేస్తున్నారన్నాడు. ఆ వారం డ్యూటీలో నా చేత మందులు వేయించుకుంటూనే ఒకామె పేపర్ చదువుతూ "నిజమే కదా" అంది. నేను జవాబు చెప్పకుండా ఆమె బీపీ చూసి రాసి వచ్చేశాను. ఆ రోజు చాలా బాధపడ్డాను. నీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మనుషులను వరదతో, బురదతో పోల్చడం తప్పు. ఎవరన్నా తప్పే. నిన్ను ఉద్దేశించి అంటే సహించి ఊరుకోవద్దు, మీ మేనేజరుకి రాతపూర్వకంగా ఇవ్వు, యూనియన్‌లో ముందే చేరు. నా రోజుల్లో ఇవి చెప్పేవాళ్లు లేరు, నీకు నేనున్నాను.

అలాగే ఐరిష్ నర్సులను బాగ్‌ట్రాటర్ అని ఎవరైనా నవ్వుతూ పిలిచినా నువ్వు ఆ మాట ఎత్తకు. అది వాళ్లను కించపరచడానికి పుట్టిన పాత తిట్టు. నాకు మొదటి చలికాలం సాక్సులిచ్చింది, క్రిస్మస్‌కి ఇంటికి పిలిచి భోజనం పెట్టింది ఐరిష్ ఆవిడే. పబ్‌కి రానంటే "స్టిక్ ఇన్ ది మడ్" అంటారు, కదలని మనిషివని. వెళ్లు, నిమ్మరసం తాగి కూర్చో, వాళ్ల మాటలు చెవిన పడేది అక్కడే. స్టాఫ్ గదిలో గొడవల్లోకి మాత్రం పోకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

చిన్న నోటుపుస్తకం యూనిఫాం జేబులో పెట్టుకో. తెలియని మాట విన్నప్పుడల్లా రాసుకుని ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. రోగుల పేర్లు మాత్రం అందులో రాయకు. ఆస్కీ తేదీ రాగానే ముందు మీ అమ్మకు చెప్పు, తర్వాత నాకు. నాకే ముందు తెలిసిందని తెలిస్తే అది వారం రోజులు మాట్లాడదు.

వేళకు తిను తల్లీ.

మీ పెద్దమ్మ