సీసం గుండ్లకు పౌడరా, ప్లేటింగా?

గాలానికి కట్టడానికి ఇంట్లో పోసుకున్న సీసం గుండ్ల మీద పౌడర్ కోటింగ్ (రంగు పొడి వేసి ఓవెన్లో కాల్చే పూత) పెచ్చులుగా ఊడిపోతోందని, ఎలక్ట్రోప్లేటింగ్‌కి (కరెంటుతో రాగి పూత వేయడానికి) మారాలా అని అడిగారు. మారకండి. సీసం మెత్తన, కొద్ది మైక్రాన్ల రాగి పూత రాయి తగిలితే పగిలిపోతుంది. పైగా ఆ పూతకి వాడే కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఉండే సల్ఫ్యూరిక్ ఆమ్లం తగలగానే సీసం మీద లెడ్ సల్ఫేట్ పొర కడుతుంది. ఇక రాగి దాన్ని గట్టిగా పట్టుకోదు. ఫ్యాక్టరీల్లో ముందుగా సయనైడ్ ద్రావణంతో రాగి పూత వేస్తారు. ఇంట్లో ఆ ఊసే వద్దు.

మీ దగ్గర తేడా బేకింగ్‌లోనే వచ్చి ఉంటుందని నా అనుమానం. ఓవెన్ డయల్‌ని నమ్మొద్దు, నాది 30 డిగ్రీలు ఎక్కువ చూపించేది. లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడండి. చాలా పౌడర్లకు గుండు వేడి 200 డిగ్రీలకు చేరాక 10 నిమిషాలు కావాలి, డబ్బా మీద ఉన్నది చూసుకోండి. స్వచ్ఛమైన సీసం 327 దగ్గర గానీ కరగదు. టంకం కలిసిందయితే మాత్రం 183కే మెత్తబడొచ్చు. అచ్చు నుంచి అంటిన మసి, నూనె ముందే అసిటోన్‌తో తుడిచి, బాగా ఆరాకే పౌడర్ వేయండి.

చల్లారాక అసిటోన్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకి రంగు బాగా అంటితే ఇంకా ఉడకలేదన్నమాట. ఒక గుండుని సుత్తితో చదును చేసి చూడండి, పూత రాలకుండా సీసంతో పాటు సాగితే చాలు. ఆ ఓవెన్‌లో మళ్లీ వంట మాత్రం చేయకండి.