సినిమా కోర్సా, సోషల్ వర్కా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం, సైకాలజీ చదువుతున్నాను. ఫిల్మ్ క్లబ్బులో మోరిస్ పియాలా తీసిన ఫ్రెంచి సినిమా ‘లాన్‌ఫాన్స్ న్యూ’ (1968) చూశాను. అందులోలా కన్నవాళ్లకు దూరమై పరాయి ఇళ్లలో పెరిగే పిల్లల మీద సినిమాలు తీయాలని ఉంది. నాన్నగారు ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ)లో చేరమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఈసారికి నేను మీ నాన్నగారి పక్షం. ఆయన ఉద్యోగం గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. నేను మాత్రం ఆ సినిమా కోసమే చెబుతున్నాను.

పదేళ్ల ఫ్రాన్స్వాను పెంచుతున్న ఇంటివాళ్లు, ఇక మావల్ల కాదంటూ వాణ్ని ప్రభుత్వానికి తిరిగి అప్పగిస్తారు. పిల్లిని మేడమెట్ల మీదినుంచి కిందికి పడేసినవాడు వాడే. వెళ్లిపోయేటప్పుడు ఆ ఇల్లాలికి కానుక కొనిచ్చినవాడూ వాడే. ఎందుకలా చేశాడో మనకు ఎవరూ విడమరచి చెప్పరు. తరువాత వాణ్ని చేరదీసే ముసలి దంపతులు నటులు కారు. ఉత్తర ఫ్రాన్సు బొగ్గుగనుల ప్రాంతంలో నిజంగానే అలాంటి పిల్లలను పెంచినవారు. ముసలాయన యుద్ధకాలం నాటి కబుర్లు చెబుతుంటే, అది రాసిన సంభాషణలా వినిపిస్తుందా? అలాంటి మనుషులను వెతికి పట్టుకోవడం కెమెరా పాఠాలతో రాదు.

వయసు దాటిపోతుందన్న బెంగ వద్దు. పియాలా పెయింటింగ్ చదివి, షార్ట్ ఫిల్ములు తీసి, నలభై దాటాకే ఈ మొదటి పెద్ద సినిమా తీశాడు. 2015లో కాన్ సినిమా ఉత్సవానికి ప్రారంభ చిత్రమైన, ఎమాన్యుయెల్ బెర్కో తీసిన ‘లా తెత్ ఓత్’ కూడా చూడండి. అందులో దారితప్పిన కుర్రాడిగా చేసిన రోద్ పారదో అప్పటికి వడ్రంగం నేర్చుకుంటున్న విద్యార్థి. ఆ కోపం నాకు ఎక్కడా నటనలా అనిపించలేదు.

కాబట్టి ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరి, ఫీల్డ్‌వర్క్‌కు బాలల సంరక్షణ విభాగాన్ని అడిగి తీసుకోండి. ఫోను కెమెరా మాత్రం తీయకండి. బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. పేర్లు లేకుండా, చూసింది చూసినట్టు రాత్రికి నోటుపుస్తకంలో రాసుకోండి.

పుణె, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లకు ఆ తరువాతైనా దరఖాస్తు చేయవచ్చు. పారిస్‌లోని ఫిల్మ్ స్కూలు లా ఫెమిస్ మీద ఆశ ఉంటే మాత్రం బోధన ఫ్రెంచిలోనే. హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఈ నెలలోనే కనుక్కోండి.