విండోను పంచేటప్పుడు పెరిగిన చోటు ఎవరిది?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఆఫీసు పత్రాల ప్రోగ్రామును క్యూటీలో (విండోల ప్రోగ్రాములు రాసేందుకు వాడే Qt అనే పనిముట్ల సమితిలో) తిరిగి రాస్తున్నావని, ఎడమవైపు ఫోల్డర్ల ట్రీ, కుడివైపు పత్రం, మధ్యలో వాడేవారు జరుపుకోగల గీత పెట్టాలనుకుంటున్నావని రాశావు. గీత పెట్టడం పెద్ద పని కాదు; విండోను ఇలా పంచే క్యూస్ప్లిట్టర్‌కు రెండు విడ్జెట్లు (తెర మీది భాగాలు) అప్పగిస్తే అదే పెడుతుంది. విండో పెరిగినప్పుడు ఆ పెరిగిన చోటు ఎవరికి దక్కాలన్నదే అసలు ప్రశ్న, దాన్ని కోడు మొదలుపెట్టకముందే తేల్చుకో.

నీ ప్రోగ్రాములో నా తీర్పు స్పష్టమే: పత్రానికే దక్కాలి. పెరిగిన చోటులో ఎవరికెంత వాటా అని చెప్పే సెట్‌స్ట్రెచ్‌ఫ్యాక్టర్‌తో ట్రీకి 0, పత్రానికి 1 ఇస్తే ట్రీ తన వెడల్పులోనే ఉండిపోతుంది. మొదటి వెడల్పులను సెట్‌సైజెస్‌తో ఇవ్వు. అవి పిక్సెళ్ళే అయినా మొత్తం విండో వెడల్పుతో సరిపోలకపోతే తేడాను అది ఆ అంకెల నిష్పత్తిలోనే పంచుతుంది. 0 మాత్రం ఇవ్వకు, ఆ భాగం కనబడకుండా పోతుంది.

“గీత ఇంతకంటే జరగడం లేదు” అన్న ఫిర్యాదు నీకు తప్పక వస్తుంది. అప్పుడు స్ప్లిట్టర్‌ను అనుమానించకుండా, లోపలి విడ్జెట్ల కనీస వెడల్పులు చూడు. పత్రం పైన దాని పూర్తి పేరు చూపే లేబుల్‌కు వర్డ్‌వ్రాప్ (పొడవైన పేరును కింది వరుసకు మడిచే అమరిక) లేకపోతే, ఆ పేరు ఎంత పొడవుంటే అంత వెడల్పును లేబుల్ కనీసంగా కోరుతుంది, స్ప్లిట్టర్ దాని మాట వింటుంది. అందుకే చిన్న పేరున్న పత్రంతో నీ దగ్గర బాగా నడిచిన గీత, వాడేవారి దగ్గర పొడవైన పేరు రాగానే బిగుసుకుపోతుంది. వర్డ్‌వ్రాప్ పెట్టు, లేదా ఆ లేబుల్ అడ్డ సైజ్‌పాలసీని (వెడల్పు గురించిన దాని కోరికను) ఇగ్నోర్డ్ చేసి, అంటే లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి, మొత్తం పేన్‌కు (గీతకు ఆ పక్కనున్న భాగానికి) నువ్వే ఆలోచించి ఒక కనీస వెడల్పు ఇవ్వు.

కనీసం దాటి ఇంకా లాగితే, క్యూటీ మామూలుగా ఆ పేన్‌ను పూర్తిగా మూసేస్తుంది. పత్రం అలా మాయమైతే జనం కంగారుపడతారు గనుక దానికి సెట్‌కొలాప్సిబుల్‌ను (మూసుకోనిచ్చే అమరికను) ఫాల్స్ చెయ్యి. ట్రీని మూయనివ్వవచ్చు, కానీ అంచుకు చేరిన సన్నటి హ్యాండిల్‌ను (లాగే ఆ గీతనే) వెతికి పట్టుకోవడం అందరి వల్లా కాదు. పైగా ఆ హ్యాండిల్‌కు కీబోర్డు అందదు. కాబట్టి వ్యూ మెనూలో ట్రీని చూపించే, దాచే ఆదేశాన్ని ఒక షార్ట్‌కట్‌తో సహా తప్పనిసరిగా పెట్టు.

వాడేవారు జరిపి పెట్టుకున్న గీతను మనం మళ్ళీ జరపకూడదు. విండో మూసేటప్పుడు సేవ్‌స్టేట్ ఇచ్చినదాన్ని (స్ప్లిట్టర్ అప్పటి స్థితిని) ప్రోగ్రాము అమరికలను భద్రపరిచే క్యూసెట్టింగ్స్‌లో దాచు. తెరిచేటప్పుడు విడ్జెట్లన్నీ చేర్చాకే ఆ స్థితిని తిరిగి తెచ్చే రిస్టోర్‌స్టేట్‌ను పిలువు, అది ఫాల్స్ అంటే (తేలేకపోయానంటే) మొదటి వెడల్పులు వాడు. ఇక్కడొక మెలిక ఉంది: ఆ స్టేట్‌లో వెడల్పులతోపాటు హ్యాండిల్ మందం, మూసుకోనిచ్చే పద్ధతి కూడా ఉంటాయి. తర్వాతి వెర్షన్‌లో హ్యాండిల్‌ను మందం చేసినా పాత స్టేట్ వచ్చి దాన్ని మళ్ళీ సన్నం చేస్తుంది. అందువల్ల అలాంటి అమరికలను రిస్టోర్‌స్టేట్ తర్వాతే రాయి.

గీతను లాగేటప్పుడు బరువైన పత్రాలు తడబడితే సెట్‌ఒపేక్‌రీసైజ్‌ను ఫాల్స్ చేసి చూడు. అప్పుడు గీతను వదిలినప్పుడే కొత్త వెడల్పు అమలవుతుంది. విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ పెట్టి, విండోను అతి చిన్నగా చేసి కూడా ఒకసారి పరీక్షించాకే మీ వాళ్ళకు ఇవ్వు.

ఇట్లు,
పెదనాన్న