మెడ తిప్పలేనోడు జాంబీ కాదు తమ్మీ

తమ్మీ,

నీ జాంబీ సినిమా స్క్రిప్ట్ రాత్రి ఒక్క కూర్చునుడుల సదివిన. తల్లి ముళ్ళకంప ఇవతల నిలబడి అవతలున్న కొడుకుని ముద్దుపేరుతోటి పిలిచే సీను బాగుంది. ఇగ పన్నెండో పేజీకి వస్త.

మోకాళ్ళు లోపలికి వంగి, మెడ తిరగక ఒళ్ళంత తిప్పి చూసుకుంట చచ్చి లేచిన జాంబీలు తండా మీదికి వస్తయని రాసినవు. కథేమో మన నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు గుట్టల్ల పెట్టినవు. ఆ దిక్కు అట్ల నడిచింది ఎవరో ఎరికేనా? మా నాయిన. ఎవరన్న ఎనకకెళ్ళి పిలిస్తే కట్టె నేలకానిచ్చి, పాదాలు కొద్దికొద్దిగ జరుపుకుంట మొత్తం మనిషే తిరిగెటోడు. బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా ఊర్లల్ల అది ఎప్పుడో దాటి మనుషుల ఎముకలు బిగుసుకపోయినయ్. నాకు మస్తు కోపమొచ్చింది, స్క్రిప్ట్ మూసేసిన.

మళ్ళ తీసినంక నీ అసలు కథ ఆ పేజీలనే ఉందనిపించింది. 1968ల జార్జ్ రొమెరో తీసిన సినిమా చివర్ల, రాత్రంత కొట్లాడి బతికినోణ్ణి పొద్దుగాల వచ్చినోళ్ళు జాంబీ అనుకొని కాల్చేస్తరు. మరి నీ తండాల కంచె కాడ కావలున్న పిలగానికి మసక చీకట్ల ఒక ముసలాయన వంకరగ నడుసుకుంట కనవడితే ఏం జేస్తడు? రాయి ఇసురుతడా, పేరు అడుగుతడా? ఈ భయం మన దిక్కోళ్ళకే తెలుసు, నువ్వే రాయాలె.

ఇంకోటి, నేను ఎవరికైనా ఇదే జెప్త, కథల ఊరు పెట్టినవంటే ముందుగాల ఆ ఊరికి నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయో సూడు. మూడు నెల్లసంది కరెంటు లేదన్నవు, మరి హీరో మొహం మీది నెత్తురు బిస్లరీ బాటిల్‌తోటి ఎట్ల కడుక్కుంటడు? కరెంటు పోతే మోటార్లు బంద్, కృష్ణ నీళ్ళు ట్యాంకు ఎక్కవు, మిషన్ భగీరథ నల్లా ఎండిపోతది. మిగిలేది పాత బోరింగే. కొడితే నీళ్ళొస్తయ్ గాని, ఆ నీళ్ళతోటి నడుము వంగిన ముసలమ్మ వాటిని మనుమరాలికి తాగనిస్తదా? ఫ్లోరైడ్ తగ్గాలంటే ఆ నీళ్ళల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగ తిప్పి, అడుగుకు దిగినంక పైన తేరిన నీళ్ళు వంపుకోవాలె. నాగపూర్ నీరీ సంస్థోళ్ళు తెచ్చిన పద్ధతి ఇది, పేరే నల్గొండ టెక్నిక్, టాంజానియా దాక పోయింది. సున్నం తండాల ఎవరింట్లనన్న దొరుకుతది. పటిక కోసం మర్రిగూడ కిరాణం దాక ఎవరో ఒకరు జాంబీల నడుమకెళ్ళి పోవాలె!

నేను బోరింగ్ కాడ బిందెల కొట్లాట మూడు పేజీలు రాస్తే హైదరాబాద్‌ల ఒక వారపత్రిక ఎడిటర్ అంత కోసేసి లవ్ స్టోరీ ఒక్కటే అచ్చేసిండు. ఈ నీళ్ళ గోల ఎవరు సదువుతరండి అన్నడు. బస్సు కిరాయికి అప్పు జేసి పోయి అడిగితే మొహం మీద అన్న మాట అది, నేనింక మర్వలే. ఇప్పటోళ్ళు డ్రోన్ షాట్ అంటున్నరు, యూనివర్సల్ అప్పీల్ అంటున్నరు, వాళ్ళు గూడ గట్లనే కోస్తరు, కొయ్యనియ్యకు.

జాంబీలు ఉరకాల్నా నడవాల్నా అని, నిర్మాత నంబరని ఏవేవో అడిగినవు, అవి తర్వాత. పన్నెండో పేజీ తీసెయ్యకు, తిరగరాయి. పటికకు ఎవరు పోతున్నరో తేల్చి దసరా లోపల పంపు, వచ్చిన్నాడే సదువుత.