ప్యాసివ్ వాయిస్ చెప్పబోయే మేనకోడలికి

అమ్మాయీ,

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో ప్రపంచ సమస్యలు చెప్తానన్నావు. సంతోషం. నేనూ కొత్తలో ‘ప్రపంచ శాంతి’ మీద వ్యాసం రాయమన్నాను. నలభై కాగితాల్లోనూ ఒకటే వ్యాసం, గైడులోంచి కామాలతో సహా దిగింది. అప్పట్నుంచి బోర్డు మీద పెద్ద మాటలు మానేసి, ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాను.

ఎలాగూ ప్యాసివ్ వాయిస్ చెప్పాలిగా. ముందురోజు పిల్లల్ని ఇంట్లో చొక్కాల కాలరు వెనక చీటీలు చదివి రమ్మను. ఎవరో ఒకరికి బంగ్లాదేశ్ తగులుతుంది. ఢాకా దగ్గర సావర్‌లో 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలింది. 1,100 మందికి పైగా పోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. బట్టలు కుట్టేవాళ్లను మాత్రం పనిలోకి రమ్మన్నారు. ‘ద వర్కర్స్ వర్ ఆర్డర్డ్ టు గో ఇన్’ అని రాసి యాక్టివ్‌లోకి మార్చమను. కర్త దొరకడు. ‘ఎవరు ఆర్డరిచ్చారు టీచర్?’ అంటారు. వెంటనే జవాబు చెప్పెయ్యకు, కాసేపు వాళ్లనే కొట్టుకోనీ. తెలుగులో కొట్టుకున్నా పర్వాలేదు, రాసేది ఇంగ్లీషులో రాస్తే చాలు.

ఇంకో వాక్యం కూడా ఇస్తాను. 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ‘ఆల్ మెన్’ అని రాయబోతే, మన దేశ ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’ చేయించింది. రెండూ పక్కపక్కన రాసి, తేడా ఏమిటని అడుగు. ఆ రోజు వెనక బెంచీ ఆడపిల్లలు కూడా నోరు విప్పుతారు.

పోర్షన్ సంగతి హెడ్‌మాస్టర్ అడుగుతారు. గ్రామరే చెప్తున్నావుగా, ధైర్యంగా చెప్పు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మీ జగిత్యాల వైపు నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్లలు చాలామంది. వలస గురించి చెప్పేటప్పుడు వాళ్లను నిలబెట్టి అడక్కు. నేనొకసారి ఒక పిల్లాణ్ని అడిగాను. వాళ్ల నాన్న ఫోన్ చేసి మూడు నెలలైందట. ఆ పిల్లాడు కూర్చోనూ లేదు, మాట్లాడనూ లేదు. కాగితం మీద రాయమను, చదివి వినిపించమనకు.

నా పాత అట్లాసు బస్సు పార్శిల్‌లో వేశాను. అందులో సోవియట్ యూనియన్ ఇంకా ఉంది. ముందే చెప్పకు, పిల్లలే కనిపెడతారు.

మామయ్య